దిబ్బ మీద ఆరేసిన చీర

కాంతం ఆ రోజు తెల్లవారుతూనే మూడు సంగతులకు భయపడింది. బొబ్బిలిలో ఇంటి గ్యాసు కట్టేసిందో లేదో గుర్తు రాలేదు. ఎనిమిదింటికి వస్తానన్న ఆటో గోపి వస్తాడో రాడో తెలియదు. మూడోది సముద్రం. నిన్న దిగినప్పటి నుంచి అది అరుస్తూనే ఉంది. మొగలిపేట చాలా ప్రశాంతమైన ఊరని కొడుకు విజయ్‌కుమార్ ఫోనులో బొమ్మలు చూపించి మరీ పంపాడు. బొమ్మలకు చప్పుడు ఉండదు కదా.

"పెళ్లయి నలభై ఏళ్లయింది నాన్నా, కొట్టు రెండు రోజులు మూస్తే బొబ్బిలి ఆకలితో మాడిపోదు" అని కొడుకు, "అత్తయ్యా, ఇది సముద్రస్నానానికి" అని ఒక కొత్త చీర చేతిలో పెట్టి కోడలు దీపిక, ఇద్దరూ కలిసి వాళ్లను బస్సెక్కించారు. రంగనాథం తన కిరాణా కొట్టును గ్రహణాలకు తప్ప మూసినవాడు కాదు. అందుకని దారి పొడుగునా ఎవరికో గ్రహణం పట్టినట్టే మొహం పెట్టుకుని కూర్చున్నాడు. చీరది కుంకుమ రంగు. పక్కన నిజం కుంకుమ పెడితే అదే వెలిసిపోయినట్టు కనిపించేంత రంగు.

"ఇది కట్టుకుని నువ్వు రాజాంలో బస్సు దిగితే బొబ్బిల్లో కనబడతావే" అన్నాడు రంగనాథం.

కాంతానికీ ఆ రంగు నచ్చలేదు. కానీ కోడలు పెట్టిన చీర కట్టుకోకపోతే ఫొటోల్లో తెలిసిపోతుంది. కాబట్టి ఆ ఉదయపు ఏర్పాటు ఇది: ఊరు లేవకముందే సముద్రంలో మూడు మునకలు, ఒక ఫొటో, చీర ఆరేసుకోవడం, ఎనిమిదికి ఆటో, శ్రీకాకుళంలో తొమ్మిదిన్నర బస్సు. ఎవరి కంటా పడకూడదు. ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదు.

ఈ రెండో సంగతి ముందే చెడింది. వాళ్లు దిగింది కూర్మమ్మ ఇంట్లో. సముద్రం చూడడానికి వచ్చేవాళ్ల కోసం ఆమె మేడ మీద ఒక గది కట్టించింది. చేప తినని చుట్టాలు ఆ గదికి రావడం ఇదే మొదలు. వాళ్ల కోసం కూర్మమ్మ కొత్త గిన్నెలు కొంది, పొయ్యి రెండుసార్లు కడిగింది, రెండు రోజులుగా ఇంట్లోకి నీసు రానివ్వలేదు. ఆమె మొగుడు ధనరాజు రాత్రి కంచంలో వంకాయ కూర చూసి, దగ్గరి బంధువు చావు కబురేదో వచ్చినట్టు తల పట్టుకున్నాడు.

"మాకోసం మీరు మానెయ్యడం ఏటమ్మా? మీరు తినండి" అని కాంతం బతిమాలింది.

"నువ్వూరుకో తల్లీ. రెండు దినాలు నీసు తినకపోతే ఈయన సచ్చిపోడు" అంది కూర్మమ్మ.

చచ్చిపోనని ధనరాజుకు అంత నమ్మకం ఉన్నట్టు మాత్రం కనిపించలేదు.

అతను చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే కూర్మమ్మ గొంతు తగ్గించింది. "మాయాయిన వేటకెల్లడమ్మా. దిబ్బెక్కి సేప జాడ సూస్తాడు. నీళ్ల రంగు మారినా, పిట్టలు దిగినా ఆయనకి తెలిసిపోతాది. ఆయన సెప్పిన కాడే పడవోళ్లు వలేస్తారు. ఆళ్ల నాయినదీ అదే పని. ఈ నెల్లో రెండుపాల్లు వల ఒట్టిగొచ్చినాది. ఊరిపెద్ద తిరుమలరావు మావ సెప్పీసినాడు, ఇంకొక్కపాలి ఒట్టి వలొస్తే దిబ్బ దిగిపోరా ధనరాజూ అని. కంట్లో శుక్లాలు తీయించినాం, సూపు బాగానే ఉన్నాది. అయినా అలగవుతన్నాది. దిబ్బ దిగిపోతే ఈయనకి ఇంకో పని సేతకాదమ్మా. కుర్సీలో కూకుని గోడ సూసుకుంతాడు."

అంటూనే ఆమె మొగుడి తుండును జాడించి దండెం మీద వేసింది. దాన్ని ఎర్ర తుండు అంటోందిగానీ, రోజూ సబ్బు పెట్టి బండకేసి బాదడం వల్ల అది ఇసుక రంగుకు వచ్చి చాలా కాలమైంది.

కాంతానికి భయపడడానికి మనుషులు తెలిసినవాళ్లే అయి ఉండాలన్న నియమం లేదు. ధనరాజు దిబ్బ సంగతి విన్న దగ్గర్నుంచి ఆమెకు అది సొంత ఇంటి సమస్య అయిపోయింది. తెల్లవారి లేచాక భయపడ్డ మూడింటిలో ఇది లేదంటే, ఇది పడుకునే ముందు నుంచే ఉంది కనుక.

మునకలు మూడూ పూర్తయ్యాయి. మొదటిది కాంతం వేసింది, మిగతా రెండూ అలలే వేయించాయి. ఫొటోలో చీర బాగా పడింది, కాంతం సగం పడింది. మొగలి పొదల చాటున పొడి చీర కట్టుకుని వచ్చి, తడి చీరను పిండుతూ ఆమె మళ్లీ ఆలోచనలో పడింది. గదిలో ఆరేస్తే కూర్మమ్మ గచ్చంతా తడుస్తుంది. ఒడ్డున ఆరేస్తే ఇసుక అంటుతుంది. తడిదే సంచిలో కుక్కితే ముక్కిన వాసన వస్తుందని దీపిక అనదు, కానీ అనుకుంటుంది.

"అదిగో, ఆ దిబ్బ మీద గాలి బాగుంది" అన్నాడు రంగనాథం.

సరుగుడు తోట పక్కన ఎత్తైన ఇసుక దిబ్బ. పైన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి లేడు.

"అది ధనరాజు గారి దిబ్బ అయ్యుంటాదండీ. ఆయన పనికి అడ్డం కదా?"

"ఆయన లేడు కదే. వచ్చేలోగా దిగిపోదాం. పది నిమిషాల పని."

ఇద్దరూ దిబ్బ ఎక్కారు. బొబ్బిలిలో డాబా మీద నలభై ఏళ్లుగా చేస్తున్నట్టే చెరొక కొసా పట్టుకుని చీరను గాలికి నిలబెట్టారు. కుంకుమ రంగు గుడ్డ తెరచాపలా ఉబ్బింది. దూరాన సముద్రం మీద రెండు పడవలు నిలబడి ఉన్నాయి. ఏ పనీ లేనట్టు, ఎవరి మాట కోసమో ఎదురు చూస్తున్నట్టు ఊగుతున్నాయి.

"ఎండ అటు ఉంది, ఇటు జరుగు" అని రంగనాథం ఎడమ పక్కకు లాగాడు. చీర ఎడమకు వంగి రెపరెపలాడింది.

"చూడండి, ఆ ముందు పడవ ఎంత బాగా వెళ్తున్నాదో" అంది కాంతం. ముందు పడవ ఎడమకు తిరిగి గబగబా సాగుతోంది.

"అంత లాగకండి, అంచు చిరుగుతాది." ఆమె కుడికి లాగింది. పడవ కుడికి తిరిగింది. రంగనాథం మళ్లీ ఎడమకు లాగాడు. పడవ కాస్త తికమకపడి, మళ్లీ ఎడమకే వచ్చింది. అందులో ఒకతను నిలబడి తెడ్డు పైకెత్తి ఊపాడు.

"మనకే ఊపుతున్నారండీ! ఎంత మర్యాదస్తులో. మనమూ ఊపకపోతే ఏం బాగుంటాది?"

చీర దాదాపు ఆరింది. మడత పెట్టడానికి ఇద్దరూ దాన్ని తల మీదికి ఎత్తి, ఒక్కసారి గట్టిగా దులిపి, కిందికి దించారు. పడవలో నలుగురు లేచారు. నల్లటిదేదో బారలు బారలుగా నీళ్లలోకి జారవిడవడం మొదలుపెట్టారు.

"ఏటది? చెత్త పారబోస్తున్నారా?" అన్నాడు రంగనాథం.

అప్పుడు కింద వీధుల్లోంచి కేక లేచింది. "వలేసీసినార్రోయ్! బేగి రండి!" తలుపులు తెరుచుకున్నాయి. లుంగీలు ఎగ్గట్టుకుంటూ మగవాళ్లు, పళ్లు తోముకుంటూ కొందరు, గంపలతో ఆడవాళ్లు, ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. అందరికంటే ముందు కూర్మమ్మ. దిబ్బ కింద ఆగి వీళ్లను కేకేసిన ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఒలమ్మా, సూసినారేటి! మాయాయిన వలేయించినాడు! ఈపాలి తప్పదు, నాకు తెలుసు!"

కాంతం చీరను వెనక్కి దాచుకుంది. "మీ ఆయన... పడవవాళ్లకి ఎలా చెప్తారు కూర్మమ్మా? ఫోనులోనా?"

"పోనేటమ్మా, ఉప్పు నీళ్లలో పోనెక్కడ పట్టుకెల్తారు? తుండు ఊపుతాడు. ఎడం పక్క ఊపితే ఎడం పక్కకెల్లమని. కుడి పక్క ఊపితే కుడి పక్కకి. రెండు సేతులతో ఎత్తి దించినాడంతే, వలేసీయమని. ఆ దిబ్బ మీద గుడ్డ ఆడితే అది మాయాయిన మాటే. నువ్వూ రా తల్లీ, తాడు ముట్టుకున్నోళ్లకల్లా వాటా!" అని ఆమె పరుగెత్తింది.

కాంతం కాళ్ల కింద ఇసుక జారింది. దిబ్బ మీద అది మామూలుగా జారేదే అయినా, ఆమెకు భూమే జారినట్టయింది. రంగనాథం చీరను నాలుగు మడతలు పెట్టి, సంచి అడుగున కుక్కి, దాని మీద విప్పిన తువ్వాలు, దాని మీద చెప్పులు, దాని మీద నీళ్ల సీసా పెట్టాడు.

"పద. గోపి ఆటో వచ్చేస్తాది."

"ఏటండీ ఆ మాట! ఆ వల ఒట్టిగా వస్తే ఆయన దిబ్బ పోతుంది!"

"సముద్రం నిండా చేపలే కదే, ఎక్కడ వేసినా పడతాయి" అన్నాడు రంగనాథం. కందిపప్పు తప్ప మరొకటి తెలియని మనిషి అంత నమ్మకంగా మాట్లాడడం చూసి కాంతానికి భయం రెట్టింపైంది.

ఒడ్డున వల రెండు కొసల తాళ్లూ బిగుసుకున్నాయి. రెండు జట్లు నూరు గజాల ఎడంలో నిలబడి వెనక్కి నడుస్తూ లాగుతున్నాయి. మధ్యలో తెల్లని మీసాలతో తిరుమలరావు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు నీళ్ల మీద లేదు, దిబ్బ మీద ఉంది.

"దిబ్బ మీద ఎవులూ నేరే. ధనరాజు ఏడీ?" అని అడిగి, దిబ్బ వైపు నుంచి తేలు కుట్టిన దొంగల్లా దిగివస్తున్న ఇద్దరినీ చూశాడు. "బాబూ, మీరటునుంచే వస్తన్నారు కదా. మావాడు గుడ్డ ఊపడం సూసినారేటి?"

రంగనాథం జీవితంలో ఎప్పుడూ తూకం తప్పలేదు. అబద్ధం ఆడడు. నిజం ఆడే ధైర్యం అప్పుడు లేదు. "ఆఁ... గుడ్డ ఊగడం చూశామండీ" అన్నాడు.

సరిగ్గా అదే సమయానికి వీధి చివరి నుంచి ధనరాజు పరుగెత్తుకొచ్చాడు. భుజం మీద తుండు లేదు. కుడి చేతి వేళ్లకు ఎర్రగా పులుసు. రెండు రోజుల వంకాయ కూర తర్వాత, తెల్లారుతూనే వీధి చివరి చెల్లెలింట్లో కవళ్ల చేపల పులుసు వాసన అతన్ని దిబ్బ మీద కూర్చోనివ్వలేదు. పిట్ట ఒక్కటీ దిగలేదు కదా, నాలుగు ముద్దలు తిని వచ్చేద్దామనుకున్నాడు. మూడో ముద్ద దగ్గర కేక వినబడి, తుండు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. చేప తినని చుట్టాలు ఇంటికి రాకపోతే అతను దిబ్బ దిగేవాడే కాదు. ఆ సంగతి అతని వేళ్ల వంక చూడగానే కాంతానికి అర్థమైంది. అంటే తప్పు ఒకటి కాదు, రెండూ తనవే.

"నువ్వే గదరా వలేయించినావు?" అన్నాడు తిరుమలరావు.

ధనరాజు నీళ్ల వైపు చూశాడు, దిబ్బ వైపు చూశాడు, తిరుమలరావు వైపు చూశాడు. ఆ ఊళ్లో చేప జాడ తప్పడం ఒక తప్పు. పడవలు నీళ్ల మీద ఉండగా దిబ్బ వదిలి వెళ్లడం అంతకు పదింతల తప్పు. ఇంటికొచ్చిన పెద్దమనిషేమో గుడ్డ ఊగడం చూశానంటున్నాడు. దేవుడే ఎవరి రూపంలోనో గుడ్డ ఊపి ఉండాలి.

"ఆఁ మావా. నానే" అన్నాడు నెమ్మదిగా, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.

"మంచిది. సూద్దాం."

ఇక చేయగలిగింది ఒక్కటే కనిపించింది కాంతానికి. చీర కొంగు నడుముకు దోపి వెళ్లి తాడు పట్టుకుంది. రంగనాథం బస్సు, బస్సు అంటూనే ఆమె వెనక నిలబడ్డాడు. ఎనిమిదింటికి గోపి ఆటో వచ్చి హారను కొట్టింది. ఎవరూ కదలకపోయేసరికి గోపి దిగి, సంగతి తెలుసుకుని, ఆటో తాళం జేబులో వేసుకుని తనూ తాడు పట్టుకున్నాడు. "బస్సుకేటి మావా, రేపూ వస్తాది. వల రోజూ పడదు కదా" అన్నాడు రంగనాథంతో.

"ఐలేసా" అంటే "ఐలేసా" అని అరవడమే కానీ, కాంతం లోపల నడిచేది వేరు. "రామతీర్థం రామయ్యా, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నీసు వాసన చూడని దాన్ని. ఈరోజు నిన్ను చేపలు అడుగుతున్నాను. తప్పయితే క్షమించు. కానీ ముందు చేపలు పంపు, క్షమించడం తర్వాత చూద్దాం. కొండ మోకాళ్ల మీద ఎక్కుతాను." కొంచెం ఆగి, తన మోకాళ్లు గుర్తొచ్చి, "మెట్లు ఉన్న చోట నడిచే ఎక్కుతాను" అని సవరించింది.

గంట గడిచింది. రంగనాథం అరచేతులు బొబ్బలెక్కాయి. వల మీది బెండ్లు దగ్గరికి వచ్చాయి. లాగేవాళ్ల అరుపులు తగ్గాయి. తాడు తేలిగ్గా వస్తోందని అందరికీ తెలుస్తోంది, ఎవరూ అనడం లేదు. కూర్మమ్మ ఒక్కతే ఇంకా గట్టిగా "ఐలేసా" అంటోంది. ఆమె ఒంటరి గొంతు వింటుంటే కాంతానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వల ఒడ్డెక్కింది. అందులో ముద్దలు ముద్దలుగా జెల్లీఫిష్‌లు, నాలుగు పీతలు, ఒక కొబ్బరి బొండం, ఎడమ కాలి చెప్పు ఒకటి ఉన్నాయి. చేపలు తన శాఖలోకి రావని రాముడు అనుకున్నాడేమో.

పడవలోంచి దిగిన చుక్కాని మనిషి తల వంచుకుని వల దులుపుతున్నాడు. తిరుమలరావు ధనరాజు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కోపంగా వేసినా బాగుండేది, జాలిగా వేశాడు.

"మూడోపాలిరా ధనరాజూ. నాకూ ఇష్టం నేదు. ఆ తుండు ఇలగియ్యి."

ధనరాజు భుజం తడుముకున్నాడు. తుండు లేదు.

కాంతం ఇక ఆగలేకపోయింది. "అయ్యా, ఆయన తప్పేమీ లేదు! గుడ్డ ఊపింది ఆయన కాదు, మేము! మేము చీర ఆరేసుకున్నాం!"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అంతా చెప్పింది. మునకలు, గాలి, ఎడమ, కుడి, మడత. చెప్పడం అయ్యాక తిరుమలరావు ఆమెకు చేతులు జోడించాడు.

"తల్లీ, నీ మనసు పెద్దది. ఉప్పు తిన్న ఇంటి కోసం నిందను నెత్తినేసుకుంతన్నావు. కానీ నీలాటి పెద్దింటి ఆడకూతురు దిబ్బెక్కి పడవల్ని తోలిందంటే ఎవులు నమ్ముతారు?"

"నిజమేనండీ, రెండో కొస నేనే పట్టుకున్నాను" అన్నాడు రంగనాథం. అతను సంచి విప్పి నీళ్ల సీసా, చెప్పులు, తువ్వాలు బయటికి తీస్తుంటే జనం ఓపిగ్గా చూశారు. చివరికి చీర బయటికి వచ్చింది. దాని రంగు చూసి ముందు వరసలో వాళ్లు కళ్లు చికిలించారు.

"సరే బాబూ. ఏలాగ ఆరేసినారో ఒక్కపాలి సూపించండి" అన్నాడు తిరుమలరావు, చిన్నపిల్లల మాట కాదనలేనట్టు.

ఇద్దరూ మళ్లీ దిబ్బ ఎక్కారు. వెనకే ఊరు ఎక్కింది. న్యాయం కోసం తొందరలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు: రెండో పడవ ఇంకా నీళ్ల మీదే ఉంది.

"ఇదిగో, ఇలా పట్టుకున్నాం. ఈయన ఇటు లాగారు" అంది కాంతం. చీర ఎడమకు వంగింది.

"తర్వాత ఈవిడ అటు లాగింది." చీర కుడికి ఎగిరింది.

"ఓలమ్మో, పడవ తిరుగుతన్నాదర్రా!" అని ఎవరో అరిచారు.

రెండో పడవ అప్పటికే కుడి వైపు సాగిపోతోంది. కాంతం హడలిపోయి చీర వదిలేయబోయింది. వదిలేస్తే దించినట్టవుతుందని రంగనాథం "వదలకే! వదిలితే వలేస్తారు!" అని అరిచాడు. దాంతో ఆమె చీరను పైకి ఎత్తిపట్టుకుంది. ఎత్తాక దించకుండా ఎలా ఉండాలో తెలియలేదు. ఆ గాలిలో ఇద్దరూ చేతులు పైకెత్తి దొంగలు పట్టుబడినట్టు నిలబడ్డారు. పడవలో నలుగురు వల మీద చేతులు వేసి సిద్ధంగా లేచారు. ఊరు ఊపిరి బిగబట్టింది.

"మావా, సెయ్యి నొప్పెడితే సెప్పండి, నానొచ్చి పట్టుకుంతాను" అన్నాడు గోపి.

"దించొద్దు!" అని ధనరాజు గొంతు ఉరిమింది.

అతను చీరను చూడడం లేదు. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కుడి వైపు చాలా దూరం చూస్తున్నాడు. అక్కడ నీళ్లు ఒక పాయ మేరకు ముదురుగా ఉన్నాయి. మిగతావాళ్లకు అది మబ్బు నీడలా కనిపించింది. ఆకాశంలో మబ్బు లేదు.

"అమ్మా, ఆ కొస నాకియ్యి" అని కాంతం చేతిలోంచి అందుకుని, రెండో కొస రంగనాథం చేతిలోంచి లాక్కుని, ధనరాజు ఆ కుంకుమ రంగు చీరను కుడికి విసిరాడు. పడవ కుడికి కదిలింది. ఇంకా. ఇంకా. కాస్త లోపలికి. అతని పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. దిబ్బ మీద పులుసు వేళ్లతో నిలబడ్డ ఆ మనిషి ఇందాకటి మనిషి కాడు. చీర ఒక్కసారి ఆకాశంలోకి లేచి కిందికి దిగింది. వల నీళ్లలోకి జారింది.

అప్పుడు మొదటి పడవ చుక్కాని మనిషి ముందుకొచ్చాడు. ఏడుపు మొహంతో ఉన్నాడు. "తిరుమలరావు మావా, నానొక మాట సెప్పాల. నన్ను కొట్టొద్దు. ఈ గుడ్డ సూడు, ఎంత దూరమైనా సేతిలో ఉన్నట్టు కనిపిస్తన్నాది. పొద్దున్న ఆళ్లు ఎటంటే అటెల్లినాను. ధనరాజు బావ తుండు నెల రోజులై మాకు కనిపించట్నేదు. ఇసకలో ఇసకలాగుంతాది. మొన్న రెండుపాల్లు మాకు తోసిన కాడ వలేసీసినాం."

"మరి అప్పుడే సెప్పనేదేట్రా?"

"సెప్తే నాకు కళ్లు పోయినాయని చుక్కాని లాగీసుకుంతావని."

తిరుమలరావు చుక్కాని మనిషిని చూశాడు. చుక్కాని మనిషి ధనరాజును చూశాడు. ధనరాజు పెళ్లాన్ని చూశాడు. కూర్మమ్మ నేల చూసింది.

"రోజూ సబ్బెట్టి ఉతికినాను" అంది చిన్న గొంతుతో. "మొగుడు దిబ్బెక్కితే తుండు మాసిపోయి ఉండకూడదని."

రెండో వల తాడు పట్టుకున్న మరుక్షణమే అందరికీ తెలిసిపోయింది. అది వెనక్కి లాగింది. ఈసారి కాంతాన్ని ఎవరూ పిలవనవసరం లేకపోయింది. ముందు నిలబడి లాగింది. వల ఒడ్డెక్కేసరికి వెండి పోగు పోసినట్టు కవళ్లు కుప్పలు కుప్పలుగా ఎగిరాయి. కాంతం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చంటిపిల్లల్ని చూసినట్టు వాటిని చూసి సంతోషించింది. తర్వాత రెండు విషయాలకు కొత్తగా భయం పట్టుకుంది. ఇన్ని ప్రాణాలు పోయినందుకు పాపం తనకెంత? మొదటి వలకు మొక్కిన మొక్కు రెండో వలకు చెల్లించాలా?

తిరుమలరావు తీర్పు అక్కడే ఇసుకలో చెప్పాడు. ధనరాజు దిబ్బ ధనరాజుదే. పడవలు నీళ్ల మీద ఉండగా చెల్లెలింట్లో పులుసు తాగినందుకు నెల రోజులు అందరికంటే ముందు లేవాలి. చుక్కాని మనిషికి కళ్లు బాగానే ఉన్నాయి, నోరే బాగోలేదు. ఇక తుండు.

"తల్లీ" అన్నాడు కాంతంతో, కాస్త మొహమాటపడుతూ. "నువ్వు తప్పనుకోనంటే..."

కాంతం ఆయన మాట పూర్తి కానివ్వలేదు. చీర తీసుకెళ్లి కూర్మమ్మ చేతుల్లో పెట్టింది. "ఒక్క మాట కూర్మమ్మా. దీన్ని ఉతక్కు."

తాడు ముట్టుకున్నందుకు వాళ్లిద్దరికీ రెండు వాటాల చేపలు వచ్చాయి. వద్దంటే గంగమ్మకు కోపం వస్తుందని ఊరు, ముట్టుకుంటే రామయ్యకు కోపం వస్తుందని కాంతం. చివరికి ఆమె గంపను దూరం నుంచే చూపించి, "ఈ రెండు వాటాలూ ధనరాజు గారి కంచంలోకి. వంకాయ కూర అప్పు తీరిపోవాలి" అంది. ధనరాజు మొదటిసారి ఆమెను చూసి నవ్వాడు.

గోపి వాళ్లను మధ్యాహ్నం బస్సుకు అందించాడు. రాజాం దాటాక రంగనాథం అరచేతుల బొబ్బలు ఊదుకుంటూ, "ప్రశాంతంగా ఉందంటావా ఊరు?" అని అడిగాడు. కాంతం అప్పటికే గ్యాసు సంగతి ఆలోచిస్తోంది.

గ్యాసు కట్టేసే ఉంది. చీర ఏదని దీపిక అడిగితే, "అక్కడే ఇచ్చేశానమ్మా" అంది కాంతం. అత్తగారు కొత్త చీర గంగమ్మ తల్లికి సమర్పించుకుని వచ్చారని దీపిక వీధంతా చెప్పింది. కాంతం కాదనలేదు. ఆ మాటలో అబద్ధం కూడా పెద్దగా లేదు.

ఇప్పటికీ డాబా మీద చీర ఆరేసే ముందు ఆమె పిట్టగోడ దగ్గరికి వెళ్లి దూరంగా పడవలేమైనా ఉన్నాయేమోనని ఒకసారి చూస్తుంది. బొబ్బిలికి సముద్రం అరవై కిలోమీటర్లు.